హైఫోల్డ్ ఇంట్లోకి యుద్ధం ఎట్లా వచ్చింది

ఇంగ్లండులో ఒక పల్లె. పల్లెకి దూరంగా గుట్టల మధ్య ఒక పెద్ద బంగళా. బయట దారులు మూసేసిన మంచు, లోపల ఒకరంటే ఒకరికి పడని అతిథులు, తెల్లారేలోపు ఒక శవం. ఈ సరంజామాతో వచ్చే నవలల మీద ఒక పాత నింద ఉంది. లోకం తగలబడిపోతున్నా వీటిలో మనుషులకి పట్టదనీ, డ్రాయింగ్ రూములో కూర్చుని హంతకుడెవరో తేల్చుకోవడమే వాళ్ళకి పెద్ద పని అనీ అంటారు. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతుండగా రాసిన వాటి మీద ఈ కోపం ఇంకాస్త ఎక్కువ. ఊళ్ళకి ఊళ్ళు బాంబుల కింద నలిగిపోతుంటే, జమీందారీ ఇంట్లో పోయిన ఒక్క ప్రాణం గురించి ఇన్ని వందల పేజీలా అని.

కొన్ని పుస్తకాల విషయంలో ఆ మాట నిజమే కావచ్చు. న్యూజీలాండ్ రచయిత్రి నాయో మార్ష్ రాసిన 'డెత్ అండ్ ది డాన్సింగ్ ఫుట్‌మన్' విషయంలో మాత్రం నేను ఒప్పుకోను. 1941లో అమెరికాలో, మరుసటి ఏడు బ్రిటన్‌లో అచ్చయిన నవల ఇది. ఇందులో ఒక్క బాంబు కూడా పడదు. కథ యుద్ధరంగం ఛాయలకి కూడా పోదు. అయినా ఆ యుద్ధాన్ని మొదలుపెట్టినవాళ్ళు ఏ ఎత్తు వేశారో, ఆ ఎత్తుకి మామూలు మనుషులు ఎట్లా పడిపోతారో ఇంత దగ్గరగా చూపించిన డిటెక్టివ్ నవల నేను ఇంకోటి చదవలేదు. ఈ మాట నిరూపించాలంటే హంతకుడెవరో చెప్పక తప్పదు. పుస్తకం చదవాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆగి, అది పూర్తయ్యాక రండి.

కథ 1940 మొదట్లో ఒక గురువారం మధ్యాహ్నం మొదలవుతుంది. దక్షిణ ఇంగ్లండులో డోర్సెట్ ప్రాంతం, క్లౌడీఫోల్డ్ గుట్టల దగ్గర హైఫోల్డ్ అనే బంగళా. ఇంటాయన పేరు జొనాథన్ రాయల్. డబ్బుకి లోటు లేదు, తీరికకి అంతకన్నా లేదు. కళ మీద తపన ఉంది గానీ చేతిలో విద్య లేదు. అందుకని బతికున్న మనుషులతోనే ఒక నాటకం ఆడించాలని పథకం వేస్తాడు. ఒకరి మీద ఒకరికి పాత కక్షలున్నవాళ్ళని ఏరి ఏరి వారాంతానికి పిలుస్తాడు. ఈ తమాషా చూడ్డానికి ఆబ్రీ మాండ్రేక్ అనే నాటక రచయితని ప్రేక్షకుడిగా పక్కన కూర్చోబెట్టుకుంటాడు.

వచ్చేవాళ్ళని చూడండి. సాండ్రా కంప్లైన్ అనే పెద్దావిడ. ఎన్నో ఏళ్ళ కిందట వియన్నాలో అందం కోసం ముఖానికి ఆపరేషన్ చేయించుకుంటే అది వికటించి ముఖం పాడైపోయింది. ఆ ఆపరేషన్ చేసిన డాక్టరే పేరు మార్చుకుని ఫ్రాన్సిస్ హార్ట్‌గా ఇంగ్లండులో స్థిరపడ్డాడు. ఆయన్నీ పిలిచారు. సాండ్రా కొడుకులు విలియం, నికొలస్. ఇద్దరూ సైన్యంలో ఉన్నవాళ్ళే. చిన్నవాడు నికొలస్ అందగాడు, మాటకారి, తల్లికి ప్రాణం. పెద్దవాడు విలియం పెద్దగా మాట్లాడడు, తల్లి ప్రేమలో అతనికి దక్కింది తక్కువ. ఆస్తి మాత్రం పెద్దకొడుకుదే, అక్కడి పద్ధతి అది. ముందు నికొలస్‌తో నిశ్చితార్థమై, అది చెడిపోయి, ఇప్పుడు విలియంని చేసుకోబోతున్న క్లోరిస్ కూడా వస్తుంది. డాక్టర్ హార్ట్ మనసు పడ్డ ఎలీజ్ లిస్ వస్తుంది, ఆమె చుట్టూ నికొలస్ తిరుగుతుంటాడు. ఎలీజ్‌ది బ్యూటీ పార్లర్ వ్యాపారం. ఆమె వల్ల తన వ్యాపారం దెబ్బతిన్న లేడీ హెర్సీ కూడా అదే భోజనాల బల్ల దగ్గర కూర్చోవాలి.

జొనాథన్‌ని మనవాళ్ళకి పరిచయం చెయ్యాలంటే కలహభోజనుడు అంటే చాలనిపిస్తుంది. కానీ నారదుడు పెట్టిన తగువు వెనక ఏదో ఒక లోకకల్యాణం ఉంటుందని మన పురాణాలూ సినిమాలూ నచ్చచెబుతాయి. ఈయనకి అలాంటి ఉద్దేశమేమీ లేదు. ఊసుపోక చేసే పని. అతిథులు కొట్టుకున్నా సరే, కలిసిపోయినా సరే, రెండూ తన వినోదానికే. నాకు ఈ మనిషి మీద హంతకుడి మీద కన్నా ఎక్కువ కోపం వస్తుంది. మార్ష్ అతన్ని మీసం మెలేసే విలన్‌లా రాయలేదు. చక్కగా భోజనం పెట్టి, మర్యాదగా మాట్లాడే పెద్దమనిషిలా రాసింది. ఇంట్లో అంత అనర్థం జరుగుతున్నా ఆయనకి మొదట కలిగేది ఇంటాయనగా చిరాకు, తన ప్రదర్శన చెయ్యి దాటిపోతోందన్న కంగారు.

ఇక ఆ కాలం సంగతి. 1939 సెప్టెంబర్ 3న బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. ఆ తర్వాత 1940 మే దాకా పడమటి వైపు నేల మీద పెద్ద పోరేమీ జరగలేదు. ఉత్తుత్తి యుద్ధం అని జనమే పేరు పెట్టుకున్నారు. రాత్రిపూట ఇంట్లోంచి చిన్న వెలుగు కూడా బయటికి పోకూడదు. ఆ తొలి నెలల్లో బ్రిటన్ ఊళ్ళలో బాంబులకి పోయినవాళ్ళ కన్నా చీకట్లో రోడ్డు ప్రమాదాలకి పోయినవాళ్ళే ఎక్కువ. పెట్రోలుకి అప్పటికే రేషన్. 1940 జనవరి 8 నుంచి వెన్నకి, పంచదారకి, బేకన్‌కి కూడా వచ్చింది. బాంబులు పడతాయని పల్లెలకి పంపిన పిల్లల్ని, ఎంతకీ పడకపోయేసరికి చాలామంది వెనక్కి తెచ్చేసుకున్నారు. ప్రమాదం ఉందని అందరికీ తెలుసు, అదెక్కడా కంటికి కనిపించదు. మంచులో చిక్కుకున్న ఆ బంగళాలో అతిథుల పరిస్థితి కూడా అచ్చం ఇదే.

ఆ చలి మార్ష్ కల్పించింది కాదు. 1940 జనవరి ఇంగ్లండులో 1895 ఫిబ్రవరి తర్వాత వచ్చిన అత్యంత చల్లటి నెల. థేమ్స్ నది ఎగువ భాగాలు కొన్నిచోట్ల గడ్డకట్టాయి. నెలాఖరులో దక్షిణాన కురిసిన వాన, పడిన చోటే మంచుగడ్డగా మారి చెట్ల కొమ్మలనీ టెలిఫోన్ తీగలనీ విరగ్గొట్టింది. ఇంత జరుగుతున్నా పేపర్లలో వెంటనే రాయడానికి వీల్లేదు. వాతావరణం సంగతి శత్రు విమానాలకి పనికొస్తుందని సెన్సార్ పెట్టారు. యుద్ధం మొదలైన దగ్గర్నుంచి ముగిసేదాకా బీబీసీ వాతావరణ సూచనలు ఆపేసింది. కాబట్టి హైఫోల్డ్‌కి కార్లలో బయల్దేరినవాళ్ళని ముందు మంచు తుఫాను ఉందని హెచ్చరించే దిక్కు లేదు. బంగళా కథల్లో దారులు మూసుకుపోవడం పాత చిట్కానే. ఈ కథలో మాత్రం ఆ దారిని మూసింది మంచు ఒక్కటే కాదు, యుద్ధకాలపు సెన్సార్ కూడా.

అసలు కథకి వద్దాం. ఒక పొద్దున నికొలస్ పందెం కాస్తాడు, ఆ ఎముకలు కొరికే చలిలో తోటలో ఉన్న ఈతకొలనులో దిగుతానని. పందెం చూడ్డానికి మాండ్రేక్ అచ్చం నికొలస్‌ది లాంటి అంగీ తొడుక్కుని కొలను గట్టు మీద నిలబడతాడు. అతనికి పుట్టుకతో ఒక పాదం వంకర. వెనక నుంచి ఎవరో ఒక్క తోపు తోస్తారు. మనిషి నీళ్ళలో పడతాడు. బయటికి లాగి, దుప్పట్లు కప్పి, బ్రాందీ పట్టించాక అందరి నోటా ఒకటే మాట: తోసినవాడు నికొలస్ అనుకునే తోశాడు. తర్వాత నికొలస్ తన గది తలుపు తీస్తుండగా పైన ఆనించి పెట్టిన ఇత్తడి బుద్ధుడి బొమ్మ మీద పడుతుంది. తల తప్పించుకుంటాడు గానీ చెయ్యి దెబ్బతింటుంది. ఎవరో ఈ కుర్రాడి ప్రాణం మీద కన్నేశారన్న విషయంలో ఇక ఎవరికీ అనుమానం లేదు. ఆ రాత్రి స్మోకింగ్ రూములో రేడియో దగ్గర కూర్చున్న విలియం తల పగిలి చచ్చి పడుంటాడు. గోడకి అలంకారంగా తగిలించిన, న్యూజీలాండ్ మూలవాసులైన మావోరీల పచ్చరాతి ఆయుధంతో కొట్టారు. నికొలస్ అనుకుని అన్నని చంపేశారు, పాపం. ఇంట్లో అందరూ అలాగే అనుకుంటారు.

అన్నీ చేసింది నికొలసే. కొలనులోకి తోసిందీ, బొమ్మ పెట్టుకుందీ, తన చెయ్యి తనే దెబ్బతీసుకుందీ, చివరికి ఆస్తి కోసం అన్నని చంపిందీ. దొంగే దొంగ దొంగ అని అరిచాడు. ఇంటిల్లిపాదీ వాడు వేలు చూపించిన వైపు పరిగెత్తారు.

నేను చెప్పదలచుకున్నది ఇక్కడుంది. 1939 సెప్టెంబర్ 1 పొద్దున జర్మన్ సైన్యం పోలండ్‌లోకి దూసుకుపోయింది. ఆ రోజే హిట్లర్ తన పార్లమెంటులో నిలబడి, పోలండే మా మీద కాల్పులు జరిపింది, మేం తిరిగి కాలుస్తున్నాం అన్నాడు. ముందు రోజు రాత్రి సరిహద్దులోని గ్లైవిట్స్ అనే ఊళ్ళో ఒక రేడియో స్టేషన్ మీద దాడి జరిగింది. దాడి చేసినవాళ్ళు పోలిష్ తిరుగుబాటుదార్లలా నటించిన జర్మన్లే. పోలిష్ భాషలో నాలుగు మాటలు ప్రసారం చేసి, సాక్ష్యంగా ఒక మనిషి శవాన్ని అక్కడ పడేసి పోయారు. ఆ పనికి నాయకత్వం వహించినవాడే యుద్ధం ముగిశాక నాజీ నాయకుల మీద న్యూరెంబర్గ్‌లో జరిగిన విచారణ కోసం ఇచ్చిన వాంగ్మూలంతో ఇదంతా బయటపడింది. అంటే మార్ష్ ఈ నవల రాసేనాటికి గ్లైవిట్స్ లోగుట్టు ఆవిడకి తెలిసే వీల్లేదు. హిట్లర్ ప్రసంగం మాత్రం లోకమంతా విన్నది. తన మీద తనే దెబ్బ వేసుకుని, ఆ దెబ్బ చూపించి పక్కవాణ్ణి చంపడం అనే ఎత్తు అప్పటి గాలిలో ఉంది. ఆవిడ దాన్ని కావాలనే ఇంట్లోకి తెచ్చి పెట్టిందని నేను చెప్పను, దానికి నా దగ్గర రుజువు లేదు. కానీ 1941లో ఈ పుస్తకం చేతిలోకి తీసుకున్న పాఠకుడికి, దెబ్బ తగిలిన చేతికి కట్టు కట్టుకుని తిరిగే ఆ హంతకుడు కొత్తవాడై ఉండడు.

ఈ ఎత్తు ఎలా పనిచేస్తుందో మార్ష్ ఎంతో ఓపిగ్గా చూపిస్తుంది. ఒక మనిషి మీద జాలి పడ్డాక, ఆ మనిషి ఆ టైములో ఎక్కడున్నాడని అడగడం మనకి మొరటుగా అనిపిస్తుంది. నికొలస్‌ని ఎవరు తొయ్యబోయారు అనే ప్రశ్న నోట్లోంచి రాగానే, నికొలస్ తొయ్యలేదు అన్న జవాబు అందులోనే ఇమిడిపోయింది. ఇంట్లో వాళ్ళంతా ఎవరు ఎక్కడున్నారో లెక్కలు వేస్తారు, కాగితం మీద టైములు రాసుకుంటారు, చదువుకున్నవాళ్ళే, తెలివైనవాళ్ళే. లెక్క తప్పు కాదు. లెక్కలోంచి ఒకణ్ణి ముందే తీసేసి కూడితే ఏం వస్తుంది? ఈ రోజుకీ ఏ టీవీ పెట్టినా ఇదే నడుస్తోంది. ఎవరో ఒకరు ముందు గాయం చూపిస్తారు. గాయం నిజమే కావచ్చు. అది ఎలా అయిందని అడిగినవాణ్ణి మాత్రం మనిషే కాదంటారు.

వేలు చూపించిన వైపు ఎవరున్నారంటే, డాక్టర్ హార్ట్. ఆయన విదేశీ. మాటలో యాస ఉంది. కోపం ఎక్కువ, దాన్ని ఇంగ్లీషువాళ్ళలా దాచుకోవడం రాదు. ఎలీజ్ విషయంలో నికొలస్ మీద బాహాటంగానే మండిపడ్డాడు. ఇంకేం కావాలి? అతన్ని హంతకుణ్ణి చెయ్యడానికి ఆ ఇంట్లో ఎవరూ పెద్దగా కష్టపడాల్సిన పని లేకపోయింది. ఇంట్లో ఉన్న మర్యాదస్థులు కాస్త కాస్తగా ఆయనతో మాట్లాడే తీరు మార్చేసుకోవడం ఈ పుస్తకంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టే భాగం.

బయట ఏం జరుగుతోందో గుర్తు చేసుకుంటే ఇది ఇంకా బరువెక్కుతుంది. 1939 చివరి నెలల నుంచి బ్రిటన్‌లో ఉన్న జర్మన్లనీ ఆస్ట్రియన్లనీ విచారణ బృందాల ముందు నిలబెట్టి ఏ, బీ, సీ అని మూడు తరగతులుగా విడదీశారు. అలా చూసినవాళ్ళు 70 వేలకి పైనే. అందులో అత్యధికులు ప్రమాదం లేదని తేలిన సీ తరగతివాళ్ళు, చాలామంది హిట్లర్ నుంచి ప్రాణాలు దక్కించుకుని పారిపోయి వచ్చిన యూదులు. 1940 మే, జూన్ నెలల్లో ఫ్రాన్స్ కూలిపోతుంటే ఆ తేడాలన్నీ గాలికి పోయాయి. ఇటాలియన్లతో కలిపి దాదాపు 27 వేల మందిని పట్టుకుని నిర్బంధించారు, ఎక్కువమందిని ఐల్ ఆఫ్ మాన్ దీవికి పంపారు. కొందరిని కెనడాకి తీసుకుపోతున్న అరండోరా స్టార్ అనే ఓడని జూలై 2న జర్మన్ జలాంతర్గామి ముంచేసింది. 800 మందికి పైగా చనిపోయారు. నవలలో కథ ఇదంతా జరగడానికి కొన్ని నెలల ముందే ముగుస్తుంది. చదివేవాళ్ళు చదివింది మాత్రం ఇదంతా జరిగాక. అలాంటి సమయంలో వియన్నా నుంచి వచ్చిన డాక్టర్ని నిర్దోషిగా, అందగాడైన ఇంగ్లీషు ఆఫీసర్ని హంతకుడిగా తేల్చడానికి ధైర్యం కావాలి. బంగళా కథలు తమ వర్గాన్నే కాపాడుకుంటాయి అనేవాళ్ళు ఈ తీర్పు వైపు ఒకసారి చూడాలి.

ముఖానికి ఆపరేషన్ అనే అంశం కూడా ఏదో కథ కోసం తగిలించినట్టు ఉండదు నాకు. మొదటి ప్రపంచ యుద్ధంలో ముఖాలు ఛిద్రమైన సైనికులకి ప్లాస్టిక్ సర్జరీ చేసి పేరు తెచ్చుకున్న హెరాల్డ్ గిలీస్ న్యూజీలాండ్‌లోని డనీడిన్‌లో పుట్టినవాడు. రెండో యుద్ధంలో విమానాల్లో కాలిపోయిన పైలట్లకి ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ ఆసుపత్రిలో మళ్ళీ ముఖాలు ఇచ్చిన ఆర్చిబాల్డ్ మెకిండో కూడా ఆ ఊరివాడే, గిలీస్‌కి బంధువు. ఆయన పేషెంట్లు 1941లో తమకంటూ ఒక క్లబ్బు కూడా పెట్టుకున్నారు. మార్ష్ 1895లో అదే దేశంలో క్రైస్ట్‌చర్చ్‌లో పుట్టింది. యుద్ధకాలమంతా అక్కడే ఉండి రెడ్‌క్రాస్ తరఫున బండి నడిపింది. ఇంగ్లండు బంగళాలు ఆవిడకి బాగా తెలుసు, కానీ ఈ పుస్తకంలో వాటిని చూసింది సముద్రాలకి ఇవతల నుంచి. ఆ దూరం వల్లనేమో, ఆ ఇంటి మర్యాదలకి ఆవిడ ఎక్కడా లొంగిపోలేదు.

ఇప్పుడు ఆ డాన్సు చేసే నౌకరు సంగతి. పుస్తకానికి పేరు అతని మీదే పెట్టారు, కథలో కనిపించేది మాత్రం కాసేపే. పేరు థామస్. హత్య జరిగిన రాత్రి లైబ్రరీలో కూర్చున్నవాళ్ళు వార్తలు వినాలనుకుంటారు. రేడియో పక్కనే ఉన్న స్మోకింగ్ రూములో ఉంది, అక్కడ విలియం ఉన్నాడు. నికొలస్ తలుపు తీసి, రేడియో పెట్టమని అన్నతో అన్నట్టు అంటాడు. వెంటనే రేడియో మోగుతుంది. ముందు ఒక హుషారైన డాన్సు పాట వస్తుంది, 'బూంప్స్ ఎ డెయిజీ'. 1939లో ఇంగ్లండంతా దీనికి ఎగిరింది. చేతులు చరుచుకుని, మోకాళ్ళు తట్టుకుని, నడుములు ఢీకొట్టుకునే జంట డాన్సు. హాల్లో పని మీద ఉన్న థామస్ చెవిన ఆ పాట పడుతుంది. చుట్టూ ఎవరూ లేరు. ఒక్కడే, యూనిఫాంలోనే, హాలు మధ్య నిలబడి చేతులు చరుస్తూ మోకాళ్ళు తడుతూ డాన్సు చేస్తాడు. యజమానులకి చెప్పుకోడానికి ఏ నౌకరుకైనా సిగ్గుగా ఉండే సంగతి. హత్య సంగతి తేల్చడానికి వచ్చిన డిటెక్టివ్ ఆలెన్ ఆ సిగ్గుని మెల్లగా దాటించి అసలు విషయం రాబడతాడు.

ఆ డాన్సు వల్ల తేలిందేమిటంటే, పాట మోగుతున్నంతసేపూ హాల్లో థామస్ ఉన్నాడు, డాక్టర్ హార్ట్ అతని కళ్ళ ముందే మేడ మీదికి వెళ్ళాడు. రేడియో పెట్టింది విలియమే అయితే, అప్పటికి అతను బతికే ఉన్నట్టు. ఆ తర్వాత హార్ట్ లోపలికి వెళ్ళి చంపి రావడానికి దారే లేదు. మరి రేడియో పెట్టింది విలియం కాకపోతే? అప్పటికే అతను చచ్చిపోయి ఉంటే? అప్పుడు తలుపు దగ్గర నిలబడి చచ్చినవాడితో మాట్లాడిందెవరు? ఇక్కడ కథ మొత్తం తిరగబడుతుంది. దూరం నుంచే రేడియో ఎలా మోగించాడన్న కిటుకు ఒకటుంది, అది నేను చెప్పను. కనీసం ఆ ఒక్కటైనా మీకు మిగలాలి.

ఇంట్లో అంతమంది పెద్దమనుషులు కాగితాల మీద టైములు వేసుకున్నారు గానీ, థామస్ అన్నవాడు హాల్లో ఉంటాడన్న ధ్యాస ఒక్కరికీ రాలేదు. కాఫీ తెచ్చేవాడు, నిప్పులో కట్టెలు వేసేవాడు వాళ్ళ కంటికి ఆనడు. 1931 జనాభా లెక్కల నాటికి ఇంగ్లండు, వేల్స్‌లలో ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళే 13 లక్షలకి పైన ఉన్నారు. యుద్ధం రాగానే 18 నుంచి 41 ఏళ్ళ మగవాళ్ళకి సైనిక సేవ తప్పనిసరి చేశారు, 1941 డిసెంబర్లో పెళ్ళికాని యువతులని కూడా యుద్ధసేవకి పిలిచే చట్టం తెచ్చారు. ఇళ్ళల్లోంచి వెళ్ళిన ఆ పనివాళ్ళలో చాలామంది యుద్ధం అయ్యాక మళ్ళీ ఆ కొలువుల మొహం చూడలేదు. హైఫోల్డ్ లాంటి బంగళాలు ఎన్నింటినో సైన్యమూ ఆసుపత్రులూ బడులూ తీసుకున్నాయి. ఎవరూ చూడటం లేదనుకుని హాల్లో డాన్సు చేసిన ఆ కుర్రాడు తన వయసువాళ్ళందరితో పాటు ఏ శిక్షణ శిబిరానికి పోతాడో నవల చెప్పదు. చెప్పాల్సిన అవసరమూ లేదు, అప్పటి పాఠకుల ఇళ్ళల్లోంచి అలాంటివాళ్ళు అప్పటికే వెళ్ళిపోయారు.

యుద్ధాన్ని నేరుగా చూపించిన డిటెక్టివ్ నవలలు లేకపోలేదు. క్రిస్టియానా బ్రాండ్ 1944లో రాసిన 'గ్రీన్ ఫర్ డేంజర్' కెంట్‌లోని ఒక సైనిక ఆసుపత్రిలో జరుగుతుంది. బాంబుదాడిలో గాయపడ్డ పోస్ట్‌మన్‌ని ఆపరేషన్ బల్ల మీద, మత్తు ఇస్తూ ఇస్తూనే చంపేస్తారు. గొప్ప పుస్తకం అది, శిథిలాల దుమ్ము మన ముక్కుకి తగులుతుంది. అయినా యుద్ధం గురించి నాకు ఎక్కువ నేర్పింది హైఫోల్డే అంటాను. బ్రాండ్ పుస్తకంలో బాంబుల దాడి మనుషుల్ని ఏం చేస్తుందో ఉంది. మార్ష్ పుస్తకంలో యుద్ధానికి మనుషుల్ని ఎలా ఒప్పిస్తారో ఉంది.

లోపాలు లేవని కాదు. ఎలీజ్ లిస్‌ని అందమూ ఎత్తులూ తప్ప ఇంకేమీ లేని విదేశీ ఆడదిగా రాయడం నాకు నచ్చలేదు. హార్ట్ విషయంలో చూపించిన న్యాయబుద్ధి ఆమె దగ్గరికి వచ్చేసరికి మాయమైంది. సాండ్రా చావు కూడా తొందరగా దాటేసినట్టు ఉంటుంది. ఒక కొడుకు పోయాడు, పోయేలా చేసింది ప్రాణంలా పెంచుకున్న రెండో కొడుకు. ఆమె నిద్రమందు మింగి చనిపోతుంది. ఆ తల్లికి ఇంకొన్ని పేజీలు దక్కాల్సింది. ఇక జొనాథన్‌కి ఏ శిక్షా పడదు, పడే చట్టమూ లేదు. అది లోపమని నేను అనుకోను. చెడు చూస్తూ కూర్చున్నవాడు ఏ సెక్షన్ కిందికీ రాడు, ఆ మాట మార్ష్ దాచకుండా చెప్పింది.

బ్రిటన్‌లో ఈ పుస్తకం అచ్చయిన 1942లోనే, ఏప్రిల్ 6న, విశాఖపట్నం మీదా కాకినాడ మీదా జపాన్ విమానాలు బాంబులు వేశాయి. విశాఖలో జనం ఊరు ఖాళీ చేసి లోపలి పల్లెలకి పోయారు. కాబట్టి దీపాలార్పిన కిటికీలు, రేడియో చుట్టూ మూగిన మనుషులు మనకి పరాయి దృశ్యాలేమీ కావు. డిటెక్టివ్ కథ కూడా మనకి పరాయిది కాదు. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్నీ అసిస్టెంట్ రాజునీ ఇంట్లోవాళ్ళలా ఎరిగిన పాఠకులు తెలుగులో ఒక తరం ఉన్నారు. ఆ నవలలు పేజీ తిప్పకముందే హత్య జరగాలన్న అలవాటు కూడా నేర్పాయి. ఇక్కడ హత్య దాదాపు సగం పుస్తకం అయ్యాక గానీ జరగదు. అందుకే ఎవరైనా దీన్ని తెలుగులోకి తెద్దామనుకుంటే నాది ఒక్కటే విన్నపం, మొదటి సగానికి కత్తెర పెట్టొద్దు. పాఠకుడికి విసుగొస్తుందని కొలను పందెమో బుద్ధుడి బొమ్మో రెండింట్లో ఒకటి తీసేస్తే, నికొలస్ మీద జాలి ఒక్కసారే కలుగుతుంది. ఒక్కసారైతే మనకి అనుమానం కూడా రావచ్చు. రెండోసారి కూడా జాలి పడితేనే అతని కట్టు కట్టిన చెయ్యిని మనం చూడటం మానేస్తాం.